కరిసే నల్ల

ఇంజనీరింగ్ కాలేజీల పెద్ద చదువు చదివే పిల్లలు వచ్చి సైన్సు పాఠాలకు సాయం చేస్తరట అని హెడ్మాస్టరు చంద్రమౌళి సారు చెప్పంగనే కల్యాణికి కడుపుల మండింది. సాయం అన్న మాట పేరుకే, తనకు పాఠం చెప్పుడు రాదని ఎవరో పైన అనుకున్నరని ఆమెకు అర్థమైంది. మహబూబాబాద్ పక్కన లంబాడి తండాల పుట్టి, బడికి పొయ్యినంకనే తెలుగు నేర్చుకొని, అదే తెలుగుల పోటీ పరీక్ష రాసి నౌకరి తెచ్చుకున్న మనిషి. ఈ జూన్‌ల బదిలీ మీద చిట్యాలకు ఆవల, బస్సు రోడ్డు దిగి ఇంత దూరం నడిస్తే గాని రాని ఈ ఊరి హైస్కూలుకు వచ్చింది. ఇగ ఇప్పుడు తన తమ్ముని ఈడు పిల్లలొచ్చి తనకు ఓమ్ సూత్రం నేర్పుతరా అనుకున్నది.

వచ్చినోళ్ళు ఇద్దరు. ఊర్మిళది జనగామ దిక్కు లింగాల ఘనపూర్, వ్యవసాయం ఇల్లు. నితిన్ హన్మకొండల పెరిగినోడు, మాట మెత్తన. ఇద్దరూ కరెంటు చదువే. మొదటిరోజు వాళ్ళు బోర్డు కాడికి రానే రాలేదు. వెనక బెంచీ మీద పిల్లల పక్కన ఇరుక్కొని కూసొని, ఆమె చెప్పిన పాఠమంతా రాసుకున్నరు. గంట కొట్టినంక ఊర్మిళ ఒక్కటే అడిగింది.

"మేడం, పిల్లలు ఏ కాడ ఆగిపోతున్నరు?"

ఇన్నేండ్ల నౌకరిల ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. సిలబస్ ఎంత అయ్యిందని అడిగినోళ్ళే గాని.

"కరెంటు కాడ," అన్నది కల్యాణి. "నీళ్ళంటే కనవడుతయి, రాయి కనవడుతది. కరెంటు కనవడది గద. బొమ్మ గీసి బాణం గుర్తులు పెడితే, బాణాలు బట్టీ పడుతరు."

అగో అట్ల మొదలైంది. నెల తిరిగేసరికి కల్యాణికి వాళ్ళ మీది కోపం ఎటు పొయ్యిందో ఆమెకే తెల్వదు. మంగళవారం, శుక్రవారం ఇద్దరూ మోటార్ సైకిల్ మీద దిగితే ముగ్గురు కలిసి స్టాఫ్ రూముల కూసొని పాఠాలు అల్లేటోళ్ళు. ఏది పిల్లలకు ఎక్కదో కల్యాణి చెప్తది, దాన్ని చేతికి అందేటట్టు ఎట్ల చెయ్యాల్నో వాళ్ళు ఆలోచిస్తరు. జూలై ఆఖర్ల నితిన్ అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి చేసుకొచ్చిండు. లోపల చిన్న బ్యాటరీ, మూడు ట్రాన్సిస్టర్లు, బయటికి ఎలుక తోకంత తీగె, ముందర ఎర్ర లైటు. కరెంటున్న వైరు దగ్గరికి తీసుకపోతే చాలు, తాకకుండనే లైటు వెలుగుతది. పదో తరగతి పిల్లలతోనే అట్లాంటి డబ్బాలు ఇంకిన్ని చేయించిన్రు. పాఠానికి పేరు కల్యాణే పెట్టింది: మన బడిల కరెంటు ఎక్కడెక్కడున్నది. గుంపులు గుంపులుగ తిరగాలె, లైటు వెలిగిన జాగ సున్నంతోని గుర్తు పెట్టాలె, దేన్నీ ముట్టుకోవద్దు. అదీ నియమం.

ఆ శుక్రవారం పొద్దుగాల బడంతా జాతర లెక్క ఉన్నది. వానలు మొఖం చాటేసి పది దినాల పైనే అయితున్నది, ఎండ ఎండకాలం ఎండే. పిల్లలు గోడల పొంటి డబ్బాలు పట్టుకొని తిరుగుతున్నరు. నవ్య ఒక్కతే బెంచీ మీద తల ఆనిచ్చి ఉన్నది.

నవ్య తండా పిల్ల. తల్లి లేదు, తండ్రి బాల్‌సింగ్ మేస్త్రి పనికి ఊర్లు పట్టుకొని తిరుగుతడు. ఎప్పుడు చూసినా ఆ పిల్ల కండ్లు మూతలు పడుతనే ఉంటయి. అడిగిన దానికి ఎక్కడినుంచో తిరిగొచ్చినట్టు జవాబు చెప్తది. కల్యాణి రెండు మూడు సార్లు గట్టిగనే కోపం చేసింది కూడ. తమ భాషల పక్కకు పిలిచి, "మనోళ్ళ పిల్లలకు చదువు తప్ప ఇంకేమున్నది, నిద్ర పోతే ఎట్ల," అని చెప్పి చూసింది. నవ్య తల ఊపింది, మళ్ళ నిద్ర పోయింది.

"లే, నవ్యా, నువ్వు కూడ రా," అని రాణి ఆమె చెయ్యి పట్టి గుంజుకపోయింది. రాణి ఊరి పిల్ల, నోటి దురుసుది, నవ్యను వదిలిపెట్టేది కాదు.

కాసేపటికి రాణే ఉర్కొచ్చింది. "టీచర్, వంటింటి ఎనక నల్ల కాడ లైటు వెలుగుతున్నది."

నితిన్ నవ్విండు. "గోడ లోపల్నుంచి వైరేదన్న పోతుండొచ్చు."

"వైరు లేదు సార్. నల్లనే. అది కరుస్తది, అందరికీ ఎరికే."

"కరుసుడేంది?" అన్నది కల్యాణి.

"ఒక్కోసారి ముట్టుకుంటే కరుస్తది టీచర్. ఒక్కోసారి ఊకుంటది. అందుకే మేమెవ్వరం ఆ నల్ల ముట్టం, సీసలు ఇంటికాడ నింపుకొనొస్తం."

"పెద్దోళ్ళకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినం. భయపడుతున్నరు, ఏం లేదన్నరు." రాణి గొంతు తగ్గించింది. "అది ఉట్టిగ కరవది టీచర్. నీలక్క ఉన్నప్పుడే కరుస్తది."

"నీలక్క ఎవరు?"

రాణి తన ఎనక నిలబడ్డ నవ్య దిక్కు చూసింది. నవ్యనే చెప్పింది, హాజరు పలికినట్టు.

"మా యాడి."

ఆ పిల్లకు తల్లి లేదని కల్యాణికి తెలుసు. ఆ తల్లి ఈ బడిలనే పిల్లలకు వంట చేసేదని, ఆ నల్ల కాడనే పడి చచ్చిపొయ్యిందని తెల్వదు. కొత్తగ వచ్చిన మనిషికి ఎవరూ చెప్పలేదు.

ఊర్మిళ అప్పటికే సంచిల నుంచి మీటరు తీసింది. వంటింటి ఎనక సిమెంటు గద్దె, దాని మీద ఇనుప పైపు, పైపుకు ఇత్తడి నల్ల. కింద నీళ్ళు కారి మట్టి తడితడిగ ఉన్నది. పిల్లల్ని దూరంగ నిలబెట్టి, రబ్బరు చెప్పులు చూసుకొని, మీటరు ముల్లు ఒకటి తడి మట్టిల గుచ్చి, రెండోది పైపుకు ఆనిచ్చింది. కల్యాణి ఆమె భుజం మీది నుంచి వంగి చూసింది.

నూట ముప్పై వోల్టులు.

అంకెలు ఒకటి రెండు అటూ ఇటూ ఆడుతున్నయి గాని దిగుతలేవు.

"మేడం, పిల్లల్ని లోపలికి తోలుండ్రి," అన్నడు నితిన్.

కల్యాణి పిల్లల్ని తరగతి దిక్కు తోలింది. జూన్ నుంచి ఈ బడిల పాఠాలు చెప్తున్నది. ఈ గోడకు ఇవతల బోర్డు మీద బాణాలు గీసి, తడి చేతులతోని స్విచ్చులు ముట్టొద్దని రాయించింది. గోడకు అవతల ఇది ఉన్నది.

అప్పుడే మీటరు మీద అంకె పడిపోయింది. నూట ముప్పై నుంచి సున్నకు, దీపం ఊదినట్టు. ఊర్మిళ ముల్లు మళ్ళ ఆనిచ్చి చూసింది. సున్ననే. ముగ్గురూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అప్పటిదాంక ఏదో చప్పుడు ఇనవడుతుండెనని, అది ఆగిపోయినంకనే వాళ్ళకు తెలిసింది. ప్రహరీ గోడకు అవతల పశువుల కొట్టం కాడి మోటరు.

నితిన్ గోడ ఎక్కిండు. అవతల ఊరి రైతు ఐలయ్య కూరగాయల మడి, కొట్టం. మోటరు కాడి నుంచి నల్లటి తీగె ఒకటి సొరపాదు కింద కింద పాకి వచ్చి, గోడ బొక్కల నుంచి బడి పైపుకు చుట్టి ఉన్నది. ఆకులు తొలగించి చూస్తే గాని కనవడది.

"ఒక్క ఫేసు తీసుకొని, రెండో తీగెకు బదులు భూమిని వాడుకున్నడు," అన్నది ఊర్మిళ. "భూమి ఎండితే మోటరు నడవది. బడి పైపు కింద తడి ఎప్పుడూ ఉంటది గద, అందుకే దీనికి కట్టిండు. మోటరు నడిచినంత సేపు పైపుల కరెంటున్నట్టే."

చెప్తున్న మనిషి మధ్యలనే ఆగిపోయింది. ఫోన్ తీసి పక్కకు పోయింది. కల్యాణికి ఆమె మాటలు ఇనవడ్డయి.

"బాపూ, బాయికాడి మోటరు బంద్ చెయ్. ఇప్పుడే. ఎందుకో తర్వాత చెప్త. గా రేకుల షెడ్డుకు నువ్వు కట్టిన తీగె ఉన్నది సూడు, దాని దిక్కు ఎవర్నీ పోనియ్యకు. అమ్మను అసలే పోనియ్యకు. నువ్వు బంద్ చేసిన్నని చెప్పేదాంక నేను ఫోన్ పెట్ట."

కరెంటోళ్ళకు చంద్రమౌళి సారు ఫోన్ చేసిండు. ఐలయ్య కోసం అటెండరును తోలిచ్చిన్రు. ఐలయ్య తువ్వాలతోని చేతులు తుడుచుకుంటనే వచ్చిండు. యాభై దాటిన మనిషి, బడి అంటే పాణం, జెండా పండుగకు పిల్లలకు మిఠాయి ఆయననే పంచుతడు.

"గా తీగెనా? నేనే కట్టిన సారూ," అన్నడు మామూలుగనే. "నిరుడు ఎండకాలం మోటరు గుర్రుగుర్రుమని ఆగుతుండె. తడి జాగల కట్టుకోమని మోటర్లు బాగుచేసే పిలగాడు చెప్పిండు. ఏమైంది, పైపు ఏమన్న ఖరాబైందా?"

చంద్రమౌళి సారు వంటింటి మెట్టు మీద కూసున్నడు.

"నిరుడు ఎండకాలమే," అన్నడు. "సెలవులకు ముందట. నీలి అన్నం వండే పెద్ద గంజు తోముతున్నది ఇక్కడ. చప్పుడైతే వచ్చి చూసినం. కట్టె లెక్క బిగుసుకుపొయ్యి, కొట్టుకుంటున్నది. ఫిట్స్ అనుకున్నం. చిన్నప్పుడు ఒకసారి వచ్చిందట, ఎవరో అన్నరు. లొల్లి లొల్లి అయింది. నేనే బీరువా తాళాల గుత్తి తెచ్చి ఆమె చేతిల పెట్టిన."

"పట్టుకున్నప్పుడు మీకు కరెంటు కొట్టలేదా సార్?" అన్నడు నితిన్.

"లేదు. ఎవ్వరికీ ఏం కాలేదు. నేను పట్టుకున్న, ఐలయ్య లేపిండు..."

"మోటరు నడిచి ఉంటే కొట్టేదే సార్. అప్పటికి ఆగి ఉండాలె."

ఐలయ్య తువ్వాల భుజం మీద ఏసుకోబోయి ఆగిండు.

"నేను బంద్ చేసిన," అన్నడు. "మడికి నీళ్ళు పెడుతున్న. లొల్లి ఇనవడ్డది. మోటరు బంద్ చేసి గోడ దుంకి వచ్చిన. ట్రాక్టర్ల ఏసుకొని దవాఖానకు తీసుకపొయ్యింది నేనే గద."

ఆ మాట ఆయన నోట్లనుంచి వచ్చినంకనే ఆయన చెవిల పడ్డది. కల్యాణి ఆయన మొఖం చూస్తనే ఉన్నది. మొదలు ఏం లేదు. తర్వాత కండ్లు నల్ల మీదికి పోయినయి, నల్ల మీది నుంచి గోడ మీదికి, సొరపాదు మీదికి. తువ్వాల చేతిలనుంచి జారి తడి మట్టిల పడ్డది. ఆయన తీసుకోలేదు. అట్లనే నిలబడి, రెండు అరచేతులు తిప్పి చూసుకున్నడు.

అందరూ ఐలయ్యనే చూస్తున్నరు. కల్యాణికి నవ్య యాదికొచ్చింది. తిరిగి చూస్తే ఆ పిల్ల తరగతి లోపలికి పోనే లేదు, వంటింటి మూలకు ఆనుకొని నిలబడి ఉన్నది. అంతా ఇన్నది. ఏడుస్తలేదు. కండ్లు మూతలు పడకుండ బలవంతంగ తెరిచి పట్టుకున్నట్టు నిలబడ్డది.

కల్యాణి దగ్గరికి పోయింది. ఏమని మొదలు పెట్టాల్నో తెల్వక, తమ భాషలనే, "నా దగ్గరికి రా" అన్నది.

నవ్య రాలేదు. "మరి నేను?" అన్నది.

"నువ్వేంది?"

"నేను కూడ పడ్డ గద టీచర్. నిరుడు వానకాలం. కాళ్ళు కడుక్కుంటుంటే. తల్లి రోగమే బిడ్డకొచ్చిందన్నరు."

"ఎక్కడ పడ్డవు?"

"ఈడనే."

"మళ్ళెప్పుడన్న పడ్డవా? ఇంటికాడ, తండాల?"

"లే. ఒక్కసారే. గోలీలు ఏసుకుంటున్న గద, అందుకే వస్తలేదన్నరు."

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏడాది నుంచి. తల్లి అట్లనే పోయిందని చెప్తే, పట్నం డాక్టరు చీటీ రాసిచ్చిండట. బాయి దిక్కు పోవద్దు, పొయ్యి కాడ కూసోవద్దు, హాస్టలుకు పంపొద్దు అన్నరట. నవ్య ఈ సంగతులన్నీ ఒకదాని ఎనక ఒకటి చెప్తుంటే కల్యాణికి తను కోపం చేసిన మాటలు ఒక్కొక్కటే చెవుల గింగురుమన్నయి. బెంచీ మీద తల ఆనిచ్చి పండుకున్నది నిద్ర గాదు, మందు. లేని రోగానికి మందు.

రోగం లేదు అన్న మాట నోటిదాంక వచ్చింది. ఊర్మిళ చెయ్యి పట్టి ఆపింది. "డాక్టరు చెప్పనీయండ్రి మేడం," అన్నది చెవిల. "గోలీలు కూడ ఒక్కసారే ఆపొద్దు. అది ప్రమాదం."

బాల్‌సింగ్ అప్పుడు కాళేశ్వరం దిక్కు పనిల ఉన్నడు. ఫోన్‌ల చెప్పే ముచ్చట కాదు. బిడ్డ బాగనే ఉన్నది, జర వచ్చి పో అని మాత్రమే చెప్పిన్రు. తెల్లారి మధ్యాహ్నం సిమెంటు మరకల అంగీతోనే బడికి వచ్చిండు. స్టాఫ్ రూముల కల్యాణి ఆయనకు తమ భాషల చెప్పింది. పాఠం చెప్పినట్టే చెప్పింది, మోటరు ఎక్కడ, తీగె ఎక్కడ, పైపు ఎక్కడ అని. ఇంకో తీరు చెప్పుడు ఆమెకు చేతకాలేదు. ఆయన అంతా ఇని లేచి, నల్ల కాడికి పోయి నిలబడ్డడు. తీగె తీసేసిన్రు, కరెంటోళ్ళు ఎర్ర గుడ్డ కట్టి పోయిన్రు.

ఐలయ్య గేటు కాడ ఉన్నడు. పొద్దటి నుంచి అక్కడనే ఉన్నడట. లోపలికి వచ్చిండు గాని బాల్‌సింగుకు దగ్గరగ రాలేకపోయిండు.

ఏదన్న అవుతదేమోనని చంద్రమౌళి సారు అడుగు ముందుకేసిండు. బాల్‌సింగ్ చెయ్యి కూడ లేపలేదు.

"పటేలా," అన్నడు. "నా పెండ్లాన్ని నీ ట్రాక్టర్ల ఏసుకొని పోయినవు. పీనుగను మళ్ళ తండాకు తెచ్చింది నువ్వే. నా దగ్గర పైస తీసుకోలేదు. ఈ మనిషి లేకుంటే మాకు దిక్కు లేకుండెనని ఇన్ని దినాలు నీకు మొక్కుకుంట బతికిన."

ఐలయ్య తల ఎత్తలేదు.

"ఇప్పుడు నిన్ను ఏం జెయ్యాల్నో నాకు తెల్వది," అన్నడు బాల్‌సింగ్. అని, గద్దె మీద కూలబడి, ఆ తడి సిమెంటును అరచేతితోని నిమిరిండు.

ఊరు రెండు తీర్లుగ మాట్లాడింది. తెల్వక అయింది, ఇంట్ల ఇంట్ల మాట్లాడుకోవాలె, బడి పేరు ఖరాబైతది అన్నరు కొందరు. పోయినామె తిరిగొస్తదా అన్నరు. తండా నుంచి పెద్దమనిషి హరిలాల్ వచ్చి, "మావోళ్ళ పాణమైతే ఇంట్ల మాట్లాడుకునుడు, మీ గొడ్డు పోతే కేసా," అని అడిగిండు. కేసు పెట్టాల్నా వద్దా అని తండావోళ్ళు తర్జనభర్జన పడుతుండంగనే ఐలయ్య తనంతట తను చిట్యాల పోలీస్ స్టేషనుకు పోయి జరిగింది చెప్పుకున్నడు. కొడుకులు అడ్డం పడ్డా ఇనలేదట. చంద్రమౌళి సారు కూడ తాళాల గుత్తి సంగతితో సహా తను చూసింది చూసినట్టు రాసిచ్చిండు. కేసు ఇంకా నడుస్తనే ఉన్నది. ఐలయ్య జెండా పండుగ దినం కూడ బడి దిక్కు రాలేదు.

ఆ నెలాఖరుకు జనగామల మూడు జిల్లాల సైన్సు టీచర్లను కూసోబెట్టిన్రు. మాట్లాడమని కల్యాణిని పిలిచిన్రు. ఊర్మిళ, నితిన్ ఎనక వరుసల కూసున్నరు. కల్యాణి డబ్బా చూపించింది, ఎట్ల చెయ్యాల్నో చెప్పింది. తర్వాత నల్ల సంగతి చెప్పింది. "పిల్లలు కరుస్తది అంటే ఏది కరుస్తదని అడుగుండ్రి," అన్నది చివరకు. "భయపడకుండ్రి అని చెప్పకుండ్రి." మధ్యాహ్నం అన్నాలు తినకముందే టీచర్లు బయట చెట్ల కింద నిలబడి తమ తమ బడులకు ఫోన్లు చేస్తుండె. తర్వాతి వారంల ఒక బడి ఇనుప గేటుకు కరెంటు వస్తున్నదని కబురొచ్చింది, ఇంకో కాడ హాస్టలు బట్టలారేసే తీగె గురించి. ఇట్లాంటి తీగెలను దొరకబట్టుడే కాలేజీల ప్రాజెక్టుగ చెయ్యాలని ఊర్మిళ అప్పుడే ఖాయం చేసుకున్నదని నితిన్ తర్వాత చెప్పిండు.

వరంగల్ పెద్ద దవాఖానకు నవ్యను కల్యాణే తీసుకపోయింది. బాల్‌సింగ్ వెంట వచ్చిండు. తలకు తీగెలు అంటించి పరీక్ష తీసిన్రు. డాక్టరమ్మ కాగితాలు చూసి, అన్ని సంగతులు రెండు సార్లు అడిగి, "ఈ పిల్లకు ఫిట్స్ ఉన్న జాడ లేదు" అన్నది. గోలీలు మెల్లమెల్లగ తగ్గించుకుంట రావాలె, మళ్ళ చూపించాలె అని చీటీ రాసిచ్చింది. బాల్‌సింగ్ ఆ చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు గాని, వరండాల గోడ పట్టుకొని చాలాసేపు నిలబడ్డడు. సంతోషపడాల్నో ఏం చెయ్యాల్నో తెల్వని మనిషి లెక్క.

తిరుగు బస్సుల బాల్‌సింగ్ ముందర నిలబడ్డడు. ఎనక సీటుల కిటికీ పక్కన నవ్య, ఇవతల కల్యాణి.

"టీచర్," అన్నది నవ్య, పరకాల దాటినంక. "పటేల్ మోటరు జర ముందుగాల బంద్ చేసి ఉంటే మా యాడి బతికేదా?"

కల్యాణికి అబద్ధం చెప్పబుద్ధయింది. ఆ పిల్ల మొఖం చూసి చెప్పలేకపోయింది.

"బతికేదేమో బిడ్డా."

నవ్య కిటికీ దిక్కు తిరిగింది. పత్తి చేన్లు ఎనకకు పోతున్నయి.

"అయితే ఆమెకు రోగం లేకుండె."

"లేకుండె."

"మస్తు గట్టిగుండె మా యాడి. అన్నం గంజు ఒక్కతే దించేది." పిల్ల కిటికీ కడ్డీ పట్టుకున్నది. "నేను ఏడ్వలేదు టీచర్. చచ్చిపోయినప్పుడు కొద్దిగ ఏడ్చిన. గోలీలు ఏసుకున్నంక ఏడుపు వస్తలేకుండె."

ఆ మాట మీదనే ఆమె భుజాలు కదిలినయి. మొదలు సప్పుడు లేకుండ, తర్వాత బస్సుల అందరూ తిరిగి చూసేటట్టు ఏడ్చింది. కల్యాణి ఊకోమని అనలేదు. దగ్గరికి తీసుకొని పట్టుకున్నది. ముందర నిలబడ్డ బాల్‌సింగ్ తిరిగి చూసి, సీట్ల మధ్యలనుంచి బిడ్డ కాడికి వచ్చిండు. కండక్టరు ఏమైందని అడిగితే, ఏం లేదు, వాళ్ళమ్మ చచ్చిపోయింది అని చెప్పింది కల్యాణి.